ఆబోతుకు వంశవృక్షం, పాలేరుకు అప్పుల పద్దు

సంక్రాంతి దగ్గర పడితే చాలు, ఒక వార్తా కథనం ప్రతి చానెల్లోనూ ప్రతి జిల్లా ఎడిషన్లోనూ తప్పకుండా వస్తుంది. "నాలుగు తరాలుగా జాతి పశువుల్ని కాపాడుకొస్తున్న కుటుంబం" అని శీర్షిక. పాలలాగా తెల్లటి ఒంగోలు గిత్త, దాని మూపురం మీద చెయ్యి వేసి నిలబడ్డ పెద్దాయన, వెనక గోడకు బండలాగుడు పోటీల్లో గెలిచిన షీల్డులు. గిత్త తండ్రి ఎవరో, తాత ఎవరో, తల్లి ఏ ఈతలో ఎన్ని లీటర్లు ఇచ్చిందో పెద్దాయన తడుముకోకుండా చెబుతాడు. పలుపు పట్టుకున్న మనిషి మాత్రం ఫొటో అంచున సగమే కనబడతాడు. అతని పేరు విలేకరి రాయడు. అతని తండ్రి కూడా ఆ చావిట్లోనే పనిచేశాడా అని ఎవరూ అడగరు.

ఈ సంపాదకీయం ఆ సగం మనిషి గురించి. విద్యార్థులకూ అధ్యాపకులకూ ఇది అవసరమని నేను ఎందుకు అనుకుంటున్నానంటే, 'కుటుంబం', 'జాతి', 'తరాలు' అనే మూడు మాటల మీదే ఈ దేశంలో పశుసంవర్ధక పథకాలు, అవార్డులు, పరిశోధనా గ్రాంట్లు నడుస్తున్నాయి. ఆ మూడు మాటలూ మనకు వేరే చోట బాగా తెలుసు. కులం కూడా వాటి మీదే నిలబడింది.

నమోదైన పశువు అంటే ఏమిటో ముందు చూద్దాం. ఏ పశువు ఏ ఆబోతుకు, ఏ ఆవుకు పుట్టిందో రాసిపెట్టే పుస్తకాన్ని హెర్డ్ బుక్ అంటారు. ఆవుల విషయంలో ఇది ఇంగ్లండులో మొదలైంది. 1822లో జార్జ్ కోట్స్ షార్ట్‌హార్న్ పశువుల వంశావళిని అచ్చు వేశాడు. గుర్రాలకు అంతకు ముందే, 1791లో, అలాంటి పుస్తకం వచ్చింది. ప్రభువుల వంశాల చిట్టా అయిన బర్క్ పీరేజ్ 1826లో మొదలైంది. గుర్రాలు, ఆవులు, ప్రభువులు, ఈ వరుసలోనే. భూస్వామ్య వర్గం తన రక్తాన్ని ఎలా ఊహించుకుందో తన పశువుల రక్తాన్నీ అలాగే ఊహించుకుంది. ఒక చోట నేర్చుకున్న లెక్క ఇంకో చోట రాసుకుంది.

మన దగ్గర ఈ పని చేసేది కేంద్ర ప్రభుత్వ హెర్డ్ రిజిస్ట్రేషన్ పథకం. దానికి రోహ్‌తక్, అహ్మదాబాద్, అజ్మేర్, ఒంగోలుల్లో యూనిట్లు ఉన్నాయి. హర్యానా, గిర్, కాంక్రేజ్, ఒంగోలు ఆవులనూ, ముర్రా, సుర్తి, మెహసానీ, జాఫరాబాదీ గేదెలనూ జాతి లక్షణాలూ పాల దిగుబడీ చూసి నమోదు చేస్తారు. దీనికి తోడు ఇప్పుడు చెవికి పసుపుపచ్చ ట్యాగు, దాని మీద 12 అంకెల సంఖ్య. జనం దాన్ని పశువుల ఆధార్ అంటున్నారు. ఆ సంఖ్య కొడితే పశువు వయసు, టీకాలు, ఏ వీర్యంతో చూడి కట్టింది, యజమాని ఎవరు అనే వివరాలు కంప్యూటర్లో వస్తాయి. ఇవన్నీ మంచి పనులే. పేరున్న ఆబోతు పేరు చెప్పి ఏదో ఒక వీర్యం అంటగట్టే మోసం ఆగాలన్నా, గాలికుంటు టీకా ఎవరికి అందలేదో తెలియాలన్నా లెక్క ఉండాల్సిందే. లెక్క ఉండటం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ లెక్కలో ఎవరు లేరన్నదే నా ప్రశ్న.

మాది గుండ్లకమ్మ వైపు ఊరు. మా తాత అలాంటి ఒక చావిట్లో ముప్పై ఏళ్లకు పైగా పశువుల పాలేరు. కోడి కూయకముందే లేచి పేడ ఎత్తడం, కసువు ఊడ్చి గాట్లో చొప్ప వేయడం, కుడితి కలపడం, మధ్యాహ్నం మేతకు తోలుకెళ్లడం, సాయంత్రం గిత్తల్ని కడిగి ఒళ్లు రుద్దడం ఆయన రోజు. ఆవు ఎదకు వచ్చిన సంగతి ఇంటి ఆసామికి తెలిసేది ఆయన చెబితేనే. అడ్డం తిరిగిన దూడను చేత్తో సరిచేసి బయటికి తీయడం ఆ ఊళ్లో ఇద్దరికే వచ్చు, వాళ్లలో ఆయన ఒకడు. ఏ పెయ్యను అమ్మకుండా ఉంచుకోవాలో, ఏ కోడెను ఆబోతుగా వదలాలో ఆసామి ఆయన్ని అడిగే తేల్చేవాడు. ఇదే పశు జన్యుశాస్త్రంలో ఎంపిక అనే పని. డిగ్రీ ఉన్నవాళ్లు చేస్తే దానికి బ్రీడింగ్ అని పేరు.

ఆ ఇంటి మనవడు నాకు కాలేజీలో సహాధ్యాయి. మంచివాడు. వాళ్ల పాత పద్దు పుస్తకాలు నాకు తెచ్చి చూపించాడు. ఒక పుస్తకంలో పశువుల లెక్క. ప్రతి ఆవుకూ పేరు, ఈనిన తేదీ, దాటిన ఆబోతు, పుట్టింది పెయ్యో కోడెదూడో, ఎవరికి ఎంతకు అమ్మారో అన్నీ గుండ్రటి అక్షరాలతో. ఇంకో పుస్తకంలో పాలేళ్ల లెక్క. జొన్నలు, రెండు పంచెలు, పండక్కి ఇచ్చినది, పెళ్లికి ఇచ్చినది, వడ్డీ, పాత బాకీ. మా తాత పేరు చివర 'గాడు' ఉంది. గిత్త పేరు చివర 'రాజు' ఉంది. తాతకు జబ్బు చేసిన ఏడాది ఆ పేజీ అక్కడితో ఆగలేదు. అదే బాకీ కింద మా పెదనాన్న పేరు మొదలైంది. వంశవృక్షం మాకూ ఉందన్నమాట, కాకపోతే అది అప్పుల పుస్తకంలో ఉంది.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. పాలేరుతనం ఆ రోజుతో పోలేదు గానీ క్రమంగా సడలింది. మా తరం బడికి పోవడం, ఊరు వదిలి పోవడం, ట్రాక్టర్లు రావడం, అన్నీ కలిసి దాన్ని సడలించాయి. ట్రాక్టరు వచ్చాక ఒంగోలు ఎద్దుకూ పని తగ్గింది. అప్పటిదాకా దున్నడానికీ బండి లాగడానికీ సాటిలేని పశువు అది. ఇప్పుడు పందెపు బరిలోనో, అవార్డు వేదిక మీదో, ఎగుమతి కథల్లోనో కనిపిస్తోంది. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు ఒంగోలు గిత్తే చిహ్నం.

ఎగుమతి కథ ఒక్కసారి చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్లు దాన్ని గర్వంగా చెబుతారే గానీ పూర్తిగా చెప్పరు. 19వ శతాబ్దంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే సముద్రం దాటిన మన పశువుకు బ్రెజిల్లో 'నెలోరె' అని పేరు పడింది. 1960లలో ఒంగోలు పక్క కరవది ఊరి నుంచి వెళ్లిన ఆబోతు ఊరి పేరుతోనే అక్కడ ప్రసిద్ధికెక్కింది, దాని సంతతి బ్రెజిల్ మందల్లో విస్తారంగా పాకింది. 2023లో ఒక నెలోరె ఆవుకు వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. ఆ ఆవుకు ఎన్ని తరాల పెద్దలున్నారో కాగితం మీద చూపించగలరు. అదే బ్రెజిల్లో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1888లో. ఆ తర్వాత వందేళ్లు దాటినా, బానిస తరహా చాకిరీ నుంచి అధికారులు విడిపించిన కార్మికుల్లో పశువుల క్షేత్రాల్లో దొరికినవారు పెద్ద సంఖ్యలో ఉంటున్నారు. మన గిత్త అక్కడికి వెళ్లాక కూడా దాని పక్కన పేరులేని మనిషి ఉన్నాడు.

అమెరికా పాడి ప్రాంతాల్లో ఈ 'తరతరాల కుటుంబ క్షేత్రం' అనే మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. విస్కాన్సిన్, న్యూయార్క్, పెన్సిల్వేనియా వైపు రోడ్డు మీద వెళ్తే క్షేత్రం ముందు బోర్డు ఉంటుంది. కుటుంబం పేరు, ఫలానా సంవత్సరం నుంచి, నమోదైన హోల్‌స్టీన్లు అని. మన పశుసంవర్ధక పాఠ్యపుస్తకాలు ఆ నమూనానే ఆదర్శంగా చూపిస్తాయి. ఆ కుటుంబాల కష్టాన్ని నేను తీసిపారేయను. తెల్లవారుజామున 4 గంటలకు మంచులో లేచి పాలు పితకడం, పాల ధర పడిపోయిన ఏడాది బ్యాంకుకు సమాధానం చెప్పడం తేలిక కాదు. ఏటా అలాంటి క్షేత్రాలు వందల్లో మూతపడుతున్నాయి కూడా. అయినా మొదటి తరం భూమి ఎక్కడిది అని అడగాలి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద పశ్చిమాన పంచిన భూమి మూలవాసుల నుంచి గుంజుకున్నది. 1920లో ఆ దేశంలో 9 లక్షలకు పైగా నల్లజాతి రైతులు ఉండేవారు. 2022 లెక్కల్లో నల్లజాతి సాగుదారులు 50 వేలకన్నా తక్కువ. రుణాల్లో వివక్ష చూపారని వాళ్లు ప్రభుత్వ వ్యవసాయ శాఖ మీదే దావా వేసి 1999లో పరిహారం ఒప్పందం సాధించారు. తరతరాలుగా భూమి నిలుపుకోవడం అందరికీ దొరికిన అదృష్టం కాదు, కొందరికి అది అందకుండా కార్యాలయాల్లో కూర్చుని అడ్డుకున్నారు.

ఇప్పుడు ఆ పాలు ఎవరు పితుకుతున్నారు? టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం పాడి పరిశ్రమ కోసం చేసిన అధ్యయనం ప్రకారం, అమెరికా పాడిక్షేత్రాల్లో పనిచేసేవారిలో సగం మంది వలస కార్మికులు. వలస కార్మికులు ఉన్న క్షేత్రాల నుంచే ఆ దేశపు పాలలో దాదాపు 79 శాతం వస్తోంది. పంటల కాలానికి ఇచ్చే వీసా ఏడాది పొడవునా సాగే పాడి పనికి వర్తించదు. కాబట్టి చాలామంది కాగితాలు లేకుండానే బతుకుతారు. ఆవుకు రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది, దాన్ని పితికేవాడికి ఉండదు. ఈ వాక్యాన్ని అలంకారంగా రాయలేదు, అక్కడి చట్టపరమైన స్థితి అదే.

ఇక్కడ విద్యార్థులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. 1903లో ఏర్పడిన అమెరికన్ బ్రీడర్స్ అసోసియేషన్ పంటల, పశువుల మేలుజాతుల కోసం పుట్టిన సంఘం. మూడేళ్లకే, 1906లో, అది యూజెనిక్స్ కమిటీని పెట్టింది, అంటే మనుషుల మేలుజాతి కోసం. చావిట్లో చేసిన ఎంపికను సమాజానికి వర్తింపజేయాలని అప్పటి పెద్దమనుషులకు అనిపించింది. ఆ గాలి వీస్తున్న అమెరికాలోనే, 1913 నుంచి 1916 దాకా, కొలంబియాలో బాబాసాహెబ్ చదువుకున్నారు. 1916 మేలో కులాల పుట్టుక మీద ఆయన చదివిన పత్రంలో కేంద్ర విషయం సగోత్ర, అన్యగోత్ర వివాహాల చర్చ దాటి వచ్చే అంతర్వివాహం, అంటే కులం లోపలే పెళ్లి. ఇరవై ఏళ్ల తర్వాత 'కుల నిర్మూలన'లో కులం వంశశుద్ధిని కాపాడుతుందనే వాదాన్ని ఆయన నేరుగా చేతిలోకి తీసుకుని తోసిపుచ్చారు. వంశాన్ని మెరుగుపరచడమే కులం ఉద్దేశమైతే ఆ మెరుగు ఎక్కడ కనబడుతోందన్నది ఆయన వాదం సారం.

ఆ వాదాన్ని పశువుల చావిట్లోకి తీసుకెళ్లి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. కులాన్ని సమర్థించేవారు తరచుగా పశువుల పోలిక తెస్తారు. 'జాతి కోడెకు జాతి ఆవే కావాలి కదా' అని పెళ్లి మాటల్లో నవ్వుతూ అంటారు. వాళ్లకు పశువుల గురించి కూడా తెలియదు. హెర్డ్ బుక్‌లో ఎంత గొప్ప ఆబోతైనా దాని కూతుళ్లు పాలు ఇవ్వకపోతే దాన్ని మంద నుంచి తీసేస్తారు. దీన్ని సంతతి పరీక్ష అంటారు. కులంలో సంతతి పరీక్ష లేదు. ఏ పనికీ రాని కొడుక్కి కూడా భూమీ గౌరవమూ అంతే వస్తాయి. రెండోది, చాలా దేశాల హెర్డ్ బుక్కులకు తలుపు ఉంది. జాతి తెలియని ఆవును నమోదైన ఆబోతుతో నాలుగైదు తరాలు దాటిస్తే ఆ సంతతిని పుస్తకంలోకి ఎక్కిస్తారు. పశువుకు నాలుగైదు తరాల్లో దొరికే ప్రవేశం మనిషికి కులంలో ఎన్ని తరాలకూ దొరకదు. పైగా కులాంతర పెళ్లి చేసుకున్న పిల్లల్ని చంపే తండ్రులున్న నేల ఇది.

మూడోది శుద్ధి గురించే. పానీ ఫామ్ అర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆబోతు 1962లో పుట్టింది. కృత్రిమ గర్భధారణ వల్ల దానికి 16 వేల మంది కూతుళ్లు, మనవరాళ్లు లక్షల్లో. పాలు బాగా పెరిగాయి. దాంతో పాటు పిండాన్ని కడుపులోనే చంపే ఒక జన్యులోపం కూడా ప్రపంచమంతా పాకింది. దానివల్ల సుమారు 5 లక్షల గర్భాలు పోయి ఉంటాయని 2016లో వెలువడిన పరిశోధన అంచనా కట్టింది. మేలురకం అని నమ్మి అదే రక్తాన్ని తిప్పి తిప్పి వాడితే ఏమవుతుందో పాడి రైతులు డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నారు. నేను దీన్నుంచి మనుషుల కులాల రక్తం మీద ఏ సూత్రమూ తీయడం లేదు, తీయకూడదు కూడా. కులం జీవశాస్త్రం కాదని చెప్పిన ఉద్యమం మనది. నేను చెప్పేదల్లా, శుద్ధిని పూజించేవాళ్లు తమకు ఆదర్శంగా చూపించే చావిడే వాళ్లకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోందని.

ఒంగోలు పశువుల నేల ప్రకాశం జిల్లా. కారంచేడు కూడా అప్పట్లో ఆ జిల్లాలోనిదే. 1985 జూలై 16న గేదెల మురికిని మాదిగపల్లె తాగునీటి చెరువులో కలపొద్దని అడిగినందుకు గొడవ మొదలైంది. ఒక మహిళ తన బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు ఆరుగురు దళితుల్ని వెంటాడి చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. బాధితులు చీరాలకు తరలిపోయారు. దళిత మహాసభ పుట్టింది ఆ నెత్తుటి నుంచే. గేదె ఎక్కడ నీళ్లు తాగాలి, మనిషి ఎక్కడ నీళ్లు తాగాలి అనే తగవులో గేదె యజమానికి ఉన్న ధీమా ఎక్కడిదో అర్థం చేసుకోకుండా ఆ జిల్లా పశుసంపద చరిత్ర రాయడం కుదరదు.

గిర్ ఆవు నేల గుజరాత్. ఊనా ఉన్న జిల్లా పేరే గిర్ సోమనాథ్. 2016 జూలై 11న అక్కడ చచ్చిన ఆవు చర్మం తీస్తున్న దళిత యువకుల్ని కారుకు కట్టి కొట్టారు, వీడియో తీసి తామే పంచుకున్నారు. ఆ తర్వాత దళితులు పశు కళేబరాలు ఎత్తడం మానేసి, సురేంద్రనగర్‌లో కలెక్టరు కార్యాలయం ముందు తెచ్చి పడేశారు. దేశమంతా ఆ ఫొటో చూసింది. అందులో ఒక పాత పోరాటం ఉంది. 1927 మహాడ్ సమావేశం నాటికే చచ్చిన పశువుల్ని ఈడ్చడం, ఆ మాంసం తినడం మానాలని బాబాసాహెబ్ పిలుపునిచ్చారు. 1928లో బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. వతన్ కూడా తరతరాల హక్కే, కాగితం మీద. నిజానికి అది తరతరాల చాకిరీ. 'తరతరాలుగా' అనే మాట విన్నప్పుడల్లా మనం ఒక ప్రశ్న వేసుకోవాలి, తరతరాలుగా ఏమిటి? ఒకరికి ఆస్తి, ఇంకొకరికి బాధ్యత.

2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దళితులతో పశు కళేబరాలు మోయించడాన్ని నేరంగా చేర్చింది. నమోదైన ఆవు చచ్చిన రోజు ఏమవుతుందో ఏ హెర్డ్ బుక్ రాయదు. పుట్టుక, ఈతలు, పాలు, అవార్డు అన్నీ ఉంటాయి. చివరి పేజీని ఊరి చివర వాడ పూర్తి చేస్తుంది. ఒకప్పుడు ఆ చర్మంతోనే మోట బావికి తోలు బాన, ఎద్దుకు తోలు పట్టెడ, ఆసామికి చెప్పులు తయారయ్యేవి. పశువు బతికున్నప్పుడు ఎంత సంపదో చచ్చాక కూడా అంత సంపదగా మార్చిన పని అది. గోవధ నిషేధ చట్టాలూ గోరక్షకుల దాడులూ ఆ పనినీ, ముసలి పశువును అమ్ముకునే చిన్న రైతు దారినీ ఒకేసారి మూశాయి. 2019 పశుగణనలో దేశీ ఆవుజాతుల సంఖ్య 2012 కన్నా సుమారు 6 శాతం తగ్గింది. పూజ పెరిగిన ఏళ్లలోనే పశువు తగ్గింది. పాలు ఎండిన ఆవును అమ్ముకోలేని రైతు గేదెకు మారతాడు. దేశపు పాలలో 40 శాతానికి పైగా ఇచ్చే నల్లటి గేదె రాజకీయాల్లో ఎందుకు కనబడదో కంచ ఐలయ్య 2004లోనే ఒక పుస్తకం పేరుగా పెట్టి అడిగారు. నాకు ఇప్పటిదాకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఇక డబ్బు సంగతి. రాష్ట్రీయ గోకుల్ మిషన్ 2014లో మొదలైంది. 2021 సవరణ తర్వాత జాతి పశువుల ఉత్పత్తి క్షేత్రాలకు పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 2 కోట్ల రూపాయల రాయితీ ప్రకటించారు. కనీసం 200 పాడి పశువులు ఉండాలి. భూమి ఖర్చు లెక్కలోకి రాదు, భూమి దరఖాస్తుదారే చూసుకోవాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో దళితుల వాటా సుమారు 12 శాతం, విస్తీర్ణంలో 9 శాతం లోపు. 200 ఆవులకు కొట్టం, పచ్చిమేత మడి, నీళ్లు ఉన్న దళిత కుటుంబం మీ జిల్లాలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, ఒక చేతి వేళ్లు చాలు. అంతకు ముందు 2010 నుంచి నడిచిన పాడి ఔత్సాహికుల పథకంలో జనరల్‌కు 25 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 33.33 శాతం రాయితీ ఉండేది. కాగితం మీద మనకు ఎక్కువే. కానీ ఆ రాయితీ బ్యాంకు రుణం మంజూరయ్యాకే, ఆ రుణ ఖాతాకే జమయ్యేది. తనఖా అడిగే మేనేజరు ముందు 33.33 శాతం ఏం చేస్తుంది?

పాలు పితికాక కూడా కథ ఆగదు. ఘన్‌శ్యామ్ షా, సుఖదేవ్ థోరట్, హర్ష్ మందర్ తదితరులు 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, పాల సహకార సంఘాలున్న ఊళ్లలో దాదాపు సగం చోట్ల దళితులు తమ పాలు అక్కడ అమ్మలేకపోతున్నారని తేలింది. మా తాత పితికిన పాలు ఆసామి పేరు మీద ఎక్కడికైనా వెళ్లాయి. అదే చేతులు సొంత గేదెను పితికితే ఆ పాలు అంటరానివి. యంత్రం కొవ్వు శాతం చూస్తుంది, కేంద్రం దగ్గర కూర్చున్న మనిషి కులం శాతం చూస్తాడు. ఈ ఇరవై ఏళ్లలో పరిస్థితి ఎంత మారిందో మళ్లీ అంత పెద్ద సర్వే చేసి చెప్పాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయాలది. సామాజిక శాస్త్రాల్లో పరిశోధనాంశం వెతుక్కుంటున్న విద్యార్థులారా, ఇది మీ జిల్లాలో, మీ ఊరి పాలకేంద్రం గుమ్మంలో ఉంది.

మంచి ఉదాహరణ లేకపోలేదు. నల్లమల అమ్రాబాద్ వైపు లంబాడీలు పెంచుకునే మచ్చల పశువు పొడ తూర్పును జాతీయ పశు జన్యువనరుల సంస్థ ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. ఆ జాతిని తయారు చేసింది ఏ జమీందారో, ఏ ప్రభుత్వ క్షేత్రమో కాదు, అడవిలో మందలు తిప్పుకునే సముదాయం. నమోదు అనే ప్రక్రియ తలుచుకుంటే భూమిలేని మనుషుల జ్ఞానాన్ని గుర్తించగలదని దీంతో రుజువైంది. మరి ఒంగోలు జాతి చరిత్రలో ఆ గుర్తింపు ఎందుకు లేదు? ఆ జాతిని నిలిపిన ఎంపికలో పాలేళ్ల చెయ్యి ఎంతో ఏ పశువైద్య కళాశాల సిద్ధాంత గ్రంథమైనా ఒక అధ్యాయం రాసిందా?

జాతి పశువుల్ని ప్రేమగా సాకే రైతు కుటుంబాలకు మేము శత్రువులం కాదు. లాభం లేదని తెలిసీ గిత్తను అమ్ముకోలేక చొప్ప కొనుక్కొచ్చి వేసే మనుషులు నాకు తెలుసు, వాళ్లలో చాలామంది చిన్న రైతులు. పద్దు పుస్తకాలు తెచ్చి చూపించిన నా సహాధ్యాయి ఆ పేజీలు చూసి నాతో ఎక్కువ మాట్లాడలేకపోయాడు. వాళ్లకు దక్కే గౌరవాన్ని తగ్గించమని అడగడం లేదు. పథకాలు రాసేవాళ్లను అడుగుతున్నాం. 200 ఆవులు ఒకే యజమానికి ఉండాలన్న షరతు బదులు, భూమిలేని ఎస్సీ మహిళా సంఘం 20 ఇళ్లలో పదేసి పశువులు పెంచితే అదే రాయితీ ఎందుకు రాకూడదు? ఊరి మేత పోరంబోకు ఎవరి ఆక్రమణలో ఉందో సర్వే చేసి, దాన్ని పచ్చిమేత కోసం ఆ సంఘాలకు దీర్ఘకాల కౌలుకు ఎందుకు ఇవ్వకూడదు? పాల కేంద్రానికి ప్రభుత్వ సాయం ఇచ్చేటప్పుడు ఎస్సీ వాడ నుంచి ఎంతమంది పాలు పోస్తున్నారో గుమ్మం ముందు రాసి పెట్టమనడానికి అడ్డేమిటి?

ఇంకో ఆచారం ఉంది. భూమి ఉన్నవాళ్లు దూడను భూమిలేని ఇంటికి సగం వాటా మీద పెంపకానికి ఇస్తారు. వాడలో ఆడవాళ్లు గట్ల మీద గడ్డి కోసుకొచ్చి రెండు మూడేళ్లు దాన్ని సాకుతారు. అది చూడి కట్టాక ధర కట్టి సగం చేతిలో పెడతారు, లేదా పాత బాకీలో జమ కడతారు. చెవి ట్యాగు మాత్రం మొదటి యజమాని పేరు మీదే. ఆ పెయ్య రేపు అవార్డు తెస్తే వేదిక మీదికి వెళ్లేది ఆయనే, పిడుగు పడి చస్తే బీమా వచ్చేదీ ఆయనకే. పెంపకందారు అనే గడి, వాటా ఎంత అనే గడి నమోదు ఫారంలో చేరిస్తే ఈ రెండూ మారతాయి. ఒంగోలు రిజిస్ట్రేషన్ యూనిట్ పరిధిలో ఒక మండలంతో దీన్ని మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఫారంలో రెండు గడులు, వాటిని నింపే సిబ్బందికి ఒక పూట శిక్షణ, వాడలోకి వెళ్లి అడగమని ఒక లిఖితపూర్వక ఆదేశం చాలు.